హాని లేదని రాసిన చెయ్యి

నిఘంటువు కార్యాలయం, మేడ మీద గది
జనవరి 8

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు ఉత్తరం రాసి ఏడు వారాలైంది. బతికే ఉన్నావని మరదలు రాస్తే తెలిసింది. ఆ అమ్మాయి నాలుగు పేజీలు రాసి నీ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టింది, "ఆయన బాగానే ఉన్నారు వదినా" అని. పెళ్ళైన ఆడవాళ్ళు ఆ వాక్యం ఎప్పుడు రాస్తారో నాకు తెలుసు కాబట్టి నిన్నే అడుగుతున్నాను, బాగానే ఉన్నావా?

నా సంగతి చెప్పాలంటే, ఈ ఏడాది నాకు "ఇన్"తో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు అప్పగించారు. ముందు కాదనో లేదనో ఒక ముక్క తగిలించుకున్నవన్నీ నావే, పదమూడు వందల పైచిలుకు. మా సంపాదకుడు పెద్దాయనకి డెబ్బై దాటాయి. చెవులు వినపడవు గానీ పక్క గదిలో తప్పు దొర్లినా పసిగడతాడు. ఆ మాటల చీటీలున్న డ్రాయరు మోయించుకొచ్చి నా బల్ల మీద పెట్టించి, "లేనివాటి పని నీది" అని వెళ్ళిపోయాడు.

అందులో నీ మాట ఒకటి తగిలింది. పోయినసారి వచ్చినప్పుడు భోజనాల దగ్గర అన్నావు చూడు, మీ థర్మామీటర్ల కార్ఖానాలో గాలి కొలిచే ఉద్యోగం అంటే వారానికోసారి సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టడమనీ, అందులో ఒక మాట నీకు నోరు తిరగదనీ. ఇన్నాక్యువస్. లాటిన్ వాళ్ళకి నొకేరే అంటే హాని చెయ్యడం. దానిలోంచి హాని చేసేది పుట్టింది, ముందు "ఇన్" చేరి హాని చెయ్యనిదైంది. ఇన్నొసెంట్ కూడా ఆ ఇంటి పిల్లే. మొదట్లో హాని చెయ్యనివాడు, తరవాత నేరం చెయ్యనివాడు, చివరికి ఏమీ తెలియనివాడు. మన అమాయకుడికీ అదే గతి పట్టింది కదా, మాయ లేనివాడు కాస్తా తెలివి లేనివాడి కింద జమ అయ్యాడు. ఆ లాటిన్ మాట వేరు ఇంకా లోతుకి తవ్వితే చావు అనే అర్థం తగులుతుందంటారు పండితులు. పొద్దున్నే కాఫీ తాగుతూ చదివాను, సగంలో కప్పు పక్కన పెట్టేశాను.

ఇప్పుడు అసలు పని. మా ఆఫీసులో అర్థం ఊరికే రాయనివ్వరు. ఆ మాటని పని చేసే చోట జనం నిజంగా వాడిన వాక్యాలు కావాలి. ఒక్కో వాక్యం ఒక్కో చీటీ మీద, మూలన తేదీ. చీటీలన్నీ తేదీల వరసలో పేర్చాక గానీ కలం ముట్టకూడదు. సాక్ష్యం లేని అర్థం పుకారుతో సమానం అంటాడు పెద్దాయన. కాబట్టి మీ పాత రిజిస్టర్లు తీసి ఆ వాక్యాలు తేదీలతో సహా ఎక్కించి పంపు. ఆ మాట రాకముందు అదే చోట ఏం రాసేవాళ్ళో అదీ కావాలి. చిన్నప్పుడు నా కాపీ రైటింగు నీచేత రాయించుకున్న పాపం ఇలా తీర్చుకుంటున్నాననుకో, మళ్ళీ నీచేతే రాయించి.

నా మేనకోడలు పిచ్చుక ఎలా ఉంది? దానికి నాలుగేళ్ళు నిండేలోపు ఒక్కసారైనా మాట ఆపుతుందా?

నీ అక్క

———

కార్ఖానా క్వార్టర్లు, వెనక వరస
ఫిబ్రవరి 2

అక్కకి,

నీ పని చేశాను. మెట్ల కింద గదిలో బూజు పట్టిన రిజిస్టర్లు పదహారేళ్ళవి ఉన్నాయి. గుమాస్తా నన్ను వింతగా చూశాడు, వాటిని అడిగినవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదట. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, తెలుగు చేసి రాస్తున్నాను. నోరు తిరగని మాట మాత్రం అలాగే ఉంచాను. అసలు తేదీలు చీటీల మీద వేశాను, ఇక్కడ వరసగా చూసుకో.

పదహారేళ్ళ కిందట: "నింపే గది గాలిని ఆరు చోట్ల కొలిచాము. ఎక్కువలో ఎక్కువ వచ్చిన కొలత కింద రాశాము. పనివాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి చూశాము. ఈ వారం ఎవరిలోనూ హాని కనిపించలేదు."

పన్నెండేళ్ళ కిందట: "నింపే గదిలో రెండు చోట్ల కొలిచాము. హాని కనిపించలేదు."

తొమ్మిదేళ్ళ కిందట: "నింపే గది గాలి కొలిచాము. హాని లేదు."

ఆరేళ్ళ కిందట: "నింపే గది గాలి ఇన్నాక్యువస్."

ఇప్పుడు నా కాలంలో ఫారమే అచ్చు వేయించారు. "పై తేదీన ఈ కార్ఖానా గాలి ఇన్నాక్యువస్ అని ధ్రువీకరిస్తున్నాను." తేదీ వేసి సంతకం పెట్టడమే నా వంతు. చదువుకున్నవాళ్ళు వచ్చేకొద్దీ పని ఎలా తేలికవుతుందో చూశావా? నువ్వేమో ఒక్క మాటకి నెలరోజులు తీసుకుంటావు.

నింపే గదంటే నీకు తెలియదు కదూ. పొడుగాటి గది, కిటికీలు మూసే ఉంటాయి, చల్లగాలి తగిలితే సన్నటి గాజు గొట్టాలు చిట్లుతాయని. రెండు బల్లల దగ్గర పదిమంది ఆడవాళ్ళు కూర్చుని గొట్టాల్లోకి పాదరసం ఎక్కిస్తారు. అందరికంటే పాతావిణ్ణి అందరూ పెద్దమ్మ అంటారు. ఆ పదిమందిలో ఒకతి మొన్ననే చేరిన కొత్తపిల్ల. చిట్లిన గొట్టాల్లో మిగిలిన పాదరసం చిన్న మందుసీసాలో పోసి పిచ్చుకకి తెచ్చాను. అక్కా, ఆ సంబరం నువ్వు చూడాలి. నేలమీద పోస్తే వెయ్యి పూసలవుతుంది, వేలితో నెడితే అన్నీ పరిగెత్తుకొచ్చి ఒక్కటైపోతాయి. పొద్దస్తమానం అదే ఆట. కొన్ని నేల చెక్కల సందుల్లోకి జారిపోయాయి. ఇంకో సీసా తెమ్మని ప్రాణం తీస్తే తెచ్చాను.

దాని అరచేతులు ఎర్రగా కందినట్టున్నాయి, అరికాళ్ళు కూడా. చలికి పగులుతున్నాయేమో అంటోంది మీ మరదలు. నేను బాగానే ఉన్నాను. కొంచెం నిద్ర తక్కువైంది, నోట్లో ఇనుప రుచి, అంతే. వయసు మీద పడుతోంది మరి, నువ్వంటే ముసలిదానివి కాబట్టి నీకు తెలిసే ఉంటుంది.

తమ్ముడు

———

నిఘంటువు కార్యాలయం
ఫిబ్రవరి 19

తమ్ముడూ,

చీటీలు అందాయి. నియమం ప్రకారం వరసలో పేర్చాను. పేర్చి పక్కనే ఉన్న కిటికీ తలుపు వేసుకుని కూర్చున్నాను. పని చెయ్యబుద్ధి కాలేదు.

నువ్వు ఒక్కో రిజిస్టరు విడిగా చూసి రాశావు, అందుకని నీకు కనిపించి ఉండదు. నా బల్ల మీద ఐదు చీటీలూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటి చీటీలో ఆరు చోట్లు, ఒక అంకె, మనుషులు ఉన్నారు. రెండోదానికి చోట్లు రెండయ్యాయి, అంకె పోయింది, మనుషులు పోయారు. మూడోదాంట్లో కొలిచాము అన్న ముక్క ఒక్కటే మిగిలింది. నాలుగోదాంట్లో అదీ లేదు. ఐదోది అచ్చు.

"కనిపించలేదు" అన్నవాడు చూశాడు, అది నేను నమ్ముతాను. "లేదు" అన్నవాడు చూశాడో చూడలేదో వాక్యంలో ఎక్కడా లేదు. ఆ తరవాత వచ్చిన పెద్ద మాట చూడాల్సిన అవసరం కూడా తీసేసింది. ముప్ఫై ఏళ్ళుగా మాటలతో కాపురం చేస్తున్నాను, మాట ఇలా పనిని మింగెయ్యడం ఇంత దగ్గరగా చూడలేదు. పెద్దాయనకి చూపిస్తే చాలాసేపు చీటీలు తిప్పి తిప్పి చూసి, "మీవాడు చివరిసారి ఎప్పుడు కొలిచాడో అడుగు" అన్నాడు. ఆయన అడగమన్నాడని కాదు, నేనే అడుగుతున్నాను. ఎప్పుడు కొలిచావురా?

ఇంకొకటి. నేను రోజుకి రెండు వందల చేతిరాతలు చదువుతాను. నీ రాత నాకు నీ మొహం కంటే బాగా తెలుసు. మొదటి చీటీల్లో బాగానే ఉంది. చివరివాటిలో సున్నా మూసుకోవట్లేదు, కొమ్ములు మెట్లు మెట్లుగా ఉన్నాయి. బస్సులో రాశావా? బస్సులో రాశానని చెప్పు, నమ్ముతాను.

పిచ్చుక చేతుల సంగతి డాక్టరుకి చూపించారా? ఆ పూసలాట కొన్నాళ్ళు ఆపించు. ఎందుకని అడక్కు, నాకూ ఇంకా తెలియదు.

అక్క

———

క్వార్టర్లు
మార్చి 6

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. నువ్వు మాటలు కొలుచుకో, గాలి నేను కొలుచుకుంటాను. చిన్నప్పటినుంచీ అంతే. నా పరీక్ష పేపర్లు నువ్వు దిద్దేదానివి, నా చొక్కా నువ్వు ఎంచేదానివి, ఇప్పుడు నా ఉద్యోగం కూడా ఆ ముసలాయనతో కలిసి దిద్దుతున్నావా? నాలుగేళ్ళయింది నేనిక్కడ చేరి. ఎవడూ చావలేదు.

నా రాత గురించి ఇంకెప్పుడూ రాయకు. ఎవరైనా నన్ను గమనిస్తున్నారంటే నాకు భరించడం కష్టంగా ఉంది. క్యాంటీనుకి వెళ్ళడం మానేశాను. అందరూ నా చేతిలో టీ కప్పు వైపే చూస్తారు. నిన్న మా కార్ఖానా సూపర్నెంటు ఊరికే పలకరిస్తే తలుపు చాటుకి వెళ్ళి నిలబడ్డాను. తరవాత నాకే సిగ్గేసింది. ఇది నీకెందుకు రాస్తున్నానో తెలియదు.

పిచ్చుకకి పూసలు ఆపలేదు. అదొక్కటే దానికి సరదా ఇప్పుడు. మాట తగ్గింది. కిటికీ తీస్తే వెలుతురు పడక మొహం దిండులో దాచుకుంటుంది. కార్ఖానా డాక్టరు చూశాడు. పిల్లలకి ఇలాంటివి మామూలే అన్నాడు. ఆయన కూడా నీ మాటే రాశాడు చీటీ మీద. ఇన్నాక్యువస్. కావాలంటే నీ డ్రాయర్లో దాచుకో.

తమ్ముడు

———

నిఘంటువు కార్యాలయం
మార్చి 11

తమ్ముడూ,

నువ్వు తిట్టిన తిట్లకి నాకు కోపం రావాలి. రాలేదు. భయం వేసింది. మన ఇంట్లో కోపం వాటా మొత్తం నాకే వచ్చింది, నీకు చెంచాడు కూడా మిగల్లేదని అమ్మ అనేది. క్లాసులో నీ పెన్సిలు ఎవడైనా లాక్కుంటే వాడికి రబ్బరు కూడా ఇచ్చి వచ్చేవాడివి. ఈ ఉత్తరం నువ్వు రాసింది కాదు. నీలోకి వెళ్ళినదేదో రాసింది.

వైద్యం మాటలు సరిచూడ్డానికి మా ఆఫీసుకి వారానికోసారి ఒక డాక్టరమ్మ వస్తుంది. నీ పేరు చెప్పకుండా, కార్ఖానా సంగతి ఎత్తకుండా, ఒక మనిషి గురించి అడిగాను. నిద్ర పట్టదు, నోట్లో ఇనుప రుచి, చెయ్యి వణుకు, మెత్తనివాడు అయినదానికీ కానిదానికీ విరుచుకుపడుతున్నాడు, నలుగురిలోకి రావడానికి సిగ్గుపడుతున్నాడు. ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల, అరచేతులు అరికాళ్ళు ఎర్రగా కందాయి, వెలుతురు చూడలేదు, మాట పడిపోతోంది. ఆవిడ చేతిలో కలం కింద పెట్టి అడిగిన మొదటి ప్రశ్న, "వాళ్ళింట్లో పాదరసం ఉందా?" అని.

నేను ఇంకేమీ చెప్పకముందే అడిగింది రా. కొన్ని మాటలు చెప్పింది. పాదరసం ముట్టుకోవడం కంటే పీల్చడం ప్రమాదమట. కళ్ళకి కనపడదు, వాసన ఉండదు, గది ఎంత వెచ్చగా ఉంటే అంత లేస్తుందట. మూసిన గదిలో, చెక్కల సందుల్లో దాగిన నాలుగు చుక్కలు చాలట, నెలల తరబడి లేస్తూనే ఉంటాయట. నేల దగ్గరగా ఉండే పిల్లలకి ముందు తగులుతుందట. వెంటనే ఆ ఇంట్లోంచి తీసుకొచ్చేస్తే చాలామంది కోలుకుంటారని కూడా అంది. వెంటనే అన్న మాట రెండుసార్లు అంది.

నువ్వు ఎప్పుడు కొలిచావని ఇక అడగను. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు. నా మీద ఒట్టేసి అడుగుతున్నాను, పిచ్చుకని ఆ ఇంట్లో ఇంకొక్క పూట ఉంచకు. మా ఇంట్లో ముందు గది ఖాళీ చేశాను. నా పుస్తకాలు మంచం కిందికి వెళ్ళాయి, వాటికేం నష్టం లేదు. నువ్వు రావడానికి మొహమాటం అయితే వాళ్ళిద్దర్నీ పంపు. నన్ను తిట్టాలంటే తిట్టు, వాళ్ళని బస్సెక్కించి తిట్టు.

అక్క

———

క్వార్టర్లు
మార్చి 16

అక్కా,

రేపు పొద్దున మొదటి బస్సుకి వాళ్ళిద్దర్నీ ఎక్కిస్తున్నాను. సాయంత్రానికి ఈ ఉత్తరంతో సహా నీ దగ్గర ఉంటారు. బట్టలు ఏమీ పంపట్లేదు, కొత్తవి కుట్టించు. ఎందుకో కింద రాస్తున్నాను.

నువ్వు ఇక అడగనన్నావు కాబట్టి చెప్తున్నాను. నేను ఎప్పుడూ కొలవలేదు. నాలుగేళ్ళ కిందట చేరిన రోజున గాలి కొలిచే యంత్రం ఎక్కడుందని అడిగాను. రిపేరుకి పంపామన్నారు. వచ్చే వారం వస్తుంది, ఈలోగా ఫారం నింపెయ్యి, కిందటి వారం కూడా హాని లేదు కదా అన్నారు. కిందటి వారం రాసినవాడికీ యంత్రం లేదని నాకు తెలియదు. తరవాత తెలిసింది. అప్పటికి యాభై సంతకాలు పెట్టేశాను. ఒక్కటి తప్పని చెప్తే యాభై తప్పులని ఒప్పుకోవాలి. ఇప్పటికి రెండు వందలు దాటాయి. మోసం చేస్తున్నానని ఒక్కనాడూ అనిపించలేదక్కా, అదే నాకు ఇప్పుడు అర్థం కానిది. ఆ మాట మీద నాకు నిజంగానే నమ్మకం కుదిరింది. లేకపోతే సీసాలో పోసి నా కూతురికి తెచ్చేవాడినా?

నీ ఉత్తరం వచ్చిన రోజే కాలేజీలో నాతో చదివినవాడి దగ్గరికి వెళ్ళాను. వాడి ప్రయోగశాలలో అలాంటి యంత్రం ఉంది, సూది ఉన్న చిన్న పెట్టె. రెండు రోజులకి ఇచ్చాడు. ముందు నింపే గదికి తీసుకెళ్ళాను. ఉండాల్సిన గీత దాటి సూది చాలా దూరం వెళ్ళింది. చూస్తూ నిలబడ్డాను, ఏమీ అనిపించలేదు, అలా ఉంటుందని నీ ఉత్తరంలోనే తెలిసిపోయింది కదా.

తరవాత ఇంటికి వచ్చాను. వంటింట్లో సూది కొంచెం కదిలింది. మంచం మీద ఇంకొంచెం. పిచ్చుక ఆడుకునే మూల, దాని తలగడ పెట్టే చోట, నేల మీద పెట్టెని ఆనించాను. సూది చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. కార్ఖానాలో కంటే ఎక్కువ. నా పక్కనే కూర్చుని ఉంది పిచ్చుక. ఒకప్పుడైతే "ఏంటి నాన్నా అది, నాకివ్వు, నేను చూస్తాను" అని పెట్టె పీకేసేది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఊరుకుంది.

మీ మరదలికి అంతా చెప్పాను. ఆమె పిల్లని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్ల చేతులు కడిగింది, మళ్ళీ కడిగింది, కడుగుతూనే ఉంది. నేను వెళ్ళి కుళాయి కట్టేశాను.

తమ్ముడు

———

ఇల్లు
ఏప్రిల్ 3

తమ్ముడూ,

ముందు పిచ్చుక సంగతి. డాక్టరమ్మ నాలుగుసార్లు చూసింది. రక్తం, మూత్రం పరీక్ష చేయించింది. మందు మొదలుపెట్టింది. నెలలు పడుతుందంది. కోలుకుంటుందనే అనుకుంటున్నానంది గానీ మాట ఇవ్వలేదు. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. ముందు గది కిటికీకి నల్ల గుడ్డ కట్టాను. రోజుకి ఒక వేలెడు చొప్పున తెరుస్తున్నాము. నిన్న పిచ్చుక నా కళ్ళజోడు లాగి పారేసింది. ఇంత ఆనందంగా నేనెప్పుడూ కళ్ళజోడు బాగు చేయించుకోలేదు.

మీ ఆవిడ నీ ఊసెత్తదు. నేను ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది. నీ పక్షాన వాదించాలని చూశాను, నాకే సరైన వాదన దొరకలేదు. తప్పు నీదే. నీ ఒక్కడిదే కాదు, కానీ నీది కూడా. ఇలా రాసినందుకు ఏమీ అనుకోకు, నీకు తియ్యటి అబద్ధాలు రాసే వయసు దాటిపోయింది నాకు.

ఆ ఇన్నాక్యువస్ మాటకి అర్థం రాసి పెద్దాయనకి ఇచ్చాను. "హాని చెయ్యదని చూసి తేల్చినది" అని రాశాను. ఇంగ్లీషులో చూడ్డం ఎక్కడుందమ్మా అన్నాడు. లేదు, అందుకే తెలుగులో పెట్టానని కాగితం మీద రాసి చూపించాను. నిఘంటువు నీ కోరికల పట్టిక కాదు అని ఎర్ర సిరాతో కొట్టేశాడు. ఆయన చెప్పింది న్యాయమే. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు, ఆయనకి ఎలాగూ వినపడదు.

వాళ్ళు వచ్చి రెండు వారాలు దాటింది. నువ్వు ఇంకా అక్కడే ఉన్నావు. ఆ ఇంట్లో పడుకోవట్లేదు కదా? నీకూ పరీక్షలు చెయ్యాలంటోంది డాక్టరమ్మ. సూపర్నెంటుకి నిజం చెప్పేశానని పొడిగా రెండు ముక్కలు రాశావు, మంచిది, నీ వంతు అయిపోయింది. ఇంకా ఎందుకున్నావు అక్కడ? వచ్చెయ్యి.

అక్క

———

బస్టాండు పక్కన లాడ్జి
ఏప్రిల్ 9

అక్కా,

ఇంట్లో పడుకోవట్లేదు. ఇక్కడే గది తీసుకున్నాను. రాయడానికి చాలాసేపు పడుతోంది, ఓపికగా చదువు.

సూపర్నెంటుకి కొలతలు చూపించాను అన్నాను కదా. ఆయన కేకలేస్తాడనుకున్నాను. కూర్చోమని కుర్చీ చూపించాడు. నీ పాప ఎలా ఉందయ్యా అని అడిగాడు. ముందు వరసలో పెద్ద క్వార్టరు ఖాళీగా ఉంది, కొత్త నేల వేయించి ఇస్తాను, ఈ వారం ఫారం మాత్రం ఆపకు అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, కలం తీశాను కూడా. తీసి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను. ఆయనకి కోపం రాలేదు. నువ్వు కాకపోతే ఇంకొకరు పెడతారులే అని నా ముందే ఫారం మడిచి డ్రాయర్లో వేశాడు. ఈ వారం సంతకం ఎవరిదో నాకు తెలియదు, గోడ మీద సర్టిఫికెట్టు మాత్రం ఉంది.

నువ్వు నా వంతు అయిపోయిందన్నావు. అయిపోలేదు. మొన్న మధ్యాహ్నం భోజనాల వేళ నింపే గదికి వెళ్ళాను. పదిమందీ ఉన్నారు. నాకు మామూలుగా నలుగురి ముందు నోరు పెగలదు ఈ మధ్య, అయినా చెప్పాను. ఈ గాలిలో విషం ఉందని, యంత్రం లేకుండానే ఇన్నాళ్ళూ రాశానని, నా కూతురికి ఏమైందో కూడా చెప్పాను. మొత్తం విని పెద్దమ్మ గోడ వైపు చూపించింది. అక్కడ నా సంతకంతో ఫారాలు మేకుకి గుచ్చి వేలాడుతున్నాయి, నాలుగేళ్ళవి, దొంతరగా.

"నువ్వు హాని లేదని రాస్తే నమ్మాం బాబూ," అంది. "ఇప్పుడు ఉందని అంటే నమ్మమంటావు. ఏ రోజు మాట పట్టుకోమంటావు నన్ను?"

మిగతావాళ్ళు నవ్వారు. ఎగతాళి కాదు, పాపం పిల్ల జబ్బుతో మతి చెదిరింది అన్నట్టు నవ్వారు. ఒకావిడ నాకు మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. నాకు ఏడుపొచ్చింది. సంతకం పెట్టింది ఈ చెయ్యే, దీన్నే చూడండి అని చాపాను. వణుకు ఎంత ఆపుదామన్నా ఆగలేదు. మీ చేతులు కూడా ఒక్కసారి చాపండి, అంతకంటే ఏమీ అడగను అన్నాను.

ఎవరూ చాపలేదక్కా. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఒకావిడ కొంగు కింద దాచుకుంది. అప్పుడు తెలిసింది నాకు. నింపే గదిలో చెయ్యి వణికితే గొట్టం చిట్లుతుంది, చిట్లితే ఇంటికి పంపించేస్తారు. అందుకని ఒకావిడ మోచెయ్యి బల్లకి ఆనించి పని చేస్తుంది, ఒకావిడ రెండు చేతులతో పట్టుకుంటుంది, ఇంకొకావిడ మణికట్టుకి గుడ్డ కట్టుకుని బెణికిందంటుంది. నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ఎవరి అలవాటు వాళ్ళది అనుకున్నాను. ఒకే బల్ల దగ్గర కూర్చుని ప్రతిమనిషీ వణుకు తన ఒక్కదానికే ఉందనుకుని పక్కమనిషి నుంచి దాచుకుంది.

చివరికి పెద్దమ్మ లేచింది. కుడిచెయ్యి ముందుకి చాపింది. ఆ చెయ్యి నా చేతికంటే ఘోరంగా ఉంది. పక్కావిడ అది చూసి, తన చెయ్యి బయటికి తీసింది. తరవాత ఆ పక్కావిడ. తొమ్మిది చేతులు బల్ల మీదుగా చాపి ఉన్నాయి, అన్నీ వణుకుతున్నాయి. వాళ్ళు నా వైపు చూడట్లేదు, ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకుంటున్నారు.

చివర కొత్తపిల్ల ఉంది, పద్దెనిమిదేళ్ళుంటాయి, చేరి మూడు నెలలు కూడా కాలేదు. అది కూడా చెయ్యి చాపింది. దాని చెయ్యి ఒక్కటే నిలకడగా ఉంది. తన చెయ్యి చూసుకుంది, వరసగా అందరి చేతులూ చూసింది. లేచి, ఏప్రను విప్పి, కుర్చీ మీద వేసి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాకేం కాదు కదా సార్?" అని అడిగింది.

నాలుగేళ్ళుగా రాసిన మాట నాలుక చివరిదాకా వచ్చిందక్కా. ఆ పిల్ల మొహం చూస్తే అదే అనాలనిపించింది. అది ఆ మాట కోసమే నిలబడి ఉంది.

"నాకు తెలియదమ్మా. ఎవరైనా నిన్ను చూసి చెప్పాలి," అన్నాను.

ఆ పిల్ల తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగితే మిగతా తొమ్మిదిమందీ చేతులు ఇంకా దించలేదు. పెద్దమ్మ నన్ను అడిగింది, "మరి మమ్మల్ని ఎవరు చూస్తారు బాబూ?" అని. డాక్టరమ్మని అడిగి రాయి అక్కా, ఒకేసారి తొమ్మిదిమందిని చూడగలదా అని. జవాబు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను.

తమ్ముడు